మెగ్నీషియం ఎంత వాడినా మూత్రంలో పోతుందా?

“మెగ్నీషియం ఎంత తీసుకున్నా ప్రమాదం లేదు, ఎక్కువైనది మూత్రంలో పోతుంది, మోతాదు మించితే విరేచనాలై తెలిసిపోతుంది, అప్పటికీ అనుమానముంటే నీళ్లు బాగా తాగితే చాలు” అనే సందేశం ఫోన్లలో విస్తృతంగా తిరుగుతోంది. మూత్రపిండాలు బాగున్నవారి విషయంలో ఇందులో కొంత నిజం ఉంది. అయితే మలబద్ధకానికి మెగ్నీషియం ఉన్న మందులను తరచుగా వాడేది వృద్ధులు. వయసుతోపాటు మూత్రపిండాల శక్తి తగ్గేదీ వారికే.

రక్తంలో మెగ్నీషియం సాధారణంగా డెసీలీటరుకు సుమారు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాములు ఉంటుంది. మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే శక్తి నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారిలో అదనపు మెగ్నీషియం బయటికి పోలేక పేరుకుపోతుంది. మూత్రపిండాల జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండా ముదురుతుందని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటివారికి “మూత్రంలో పోతుంది” అన్న భరోసా ఇవ్వడం అన్యాయం.

విరేచనాలే హెచ్చరిక అన్న మాట మరీ ప్రమాదకరమైనది. పేగుల కదలిక మందగించినవారిలో మందు లోపలే నిలిచి, ఎక్కువసేపు రక్తంలోకి ఇంకుతూ ఉంటుంది. విరేచనం కాలేదని మరో మోతాదు వేసుకుంటే ముప్పు పెరుగుతుంది. 5 మిల్లీలీటర్లలో 400 మిల్లీగ్రాముల మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉండే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాను 30 మిల్లీలీటర్లు తాగితే దాదాపు 1000 మిల్లీగ్రాముల మెగ్నీషియం కడుపులోకి వెళ్తుంది. భేది ఉప్పు, కొన్ని గ్యాస్ మందులు కూడా ఈ కోవలోనివే.

అసలు హెచ్చరికలు వేరు: వికారం, ఒళ్లు వెచ్చబడి ఎర్రబారడం, మగత, కండరాల నీరసం, రక్తపోటు పడిపోవడం, గుండె నెమ్మదించడం. గర్భిణులకు గుర్రపు వాతం (రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్స్) రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చేటప్పుడు మోకాలి దగ్గర సుత్తితో తట్టి కాలు ఎగురుతోందో లేదో, శ్వాస, మూత్రం సరిగా ఉన్నాయో లేదో పదేపదే చూసేది ఇందుకే. మోతాదు ఇంకా పెరిగితే ఊపిరి, గుండె ఆగిపోవచ్చు.

నీళ్లు తాగడం దీనికి చికిత్స కాదు. మూత్రం తగ్గినవారికి ఆ నీరే ఊపిరితిత్తుల్లో చేరవచ్చు. మెగ్నీషియం ఉన్న మందును వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి, వాడిన సీసాను వెంట తీసుకెళ్లాలి. అక్కడ నరానికి ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ గుండెను, కండరాలను కాపాడుతుంది గానీ మెగ్నీషియాన్ని బయటికి పంపదు. మూత్రపిండాలు పనిచేస్తుంటే సెలైన్‌తో, అవసరమైతే మూత్రం పెంచే మందుతో దాన్ని పంపిస్తారు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు డయాలిసిస్ చేస్తారు.