ఫీజు లేదట, సర్టిఫికెట్ లేదట, గిట్‌లో చేరాలట!

హైదరాబాద్ యువత భవిష్యత్తు మీద కాస్తో కూస్తో బాధ్యత ఉన్నవాడిగా ఒక విషయం ప్రజల దృష్టికి తేక తప్పడం లేదు. మన పిల్లలు గిట్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో చేరుతున్నారు. గిట్‌ను వాడటం గురించి కాదు నేను చెప్పేది. మాదాపూర్‌లో ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతివాడూ దాన్ని వాడుతూనే ఉన్నాడు. వీళ్లు ఏకంగా గిట్‌నే బాగుచేయడానికి బయల్దేరారు. ప్రోగ్రాములో ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో గుర్తుపెట్టుకుని, కావాలంటే పాత స్థితికి తీసుకెళ్లే సాధనమట అది. దాని సోర్సు కోడ్ లోకమంతటికీ తెరిచే ఉంటుందట. ఎవరైనా చూడొచ్చట, ఎవరైనా మార్పు పంపొచ్చట. నాకు అనుమానం మొదలైంది ఈ ‘ఎవరైనా’ దగ్గరే. ఎవరైనా రావచ్చన్న చోటికి మన ఊళ్లో పెద్దమనుషులెవరైనా వెళ్తారా?

ఆరా తీస్తే లోపం పునాదిలోనే ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌ను రాసేవాళ్లు, ఇదే పని చేసే బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ సరుకును ఉచితంగా వాడుకునేవారు. 2005లో ఆ ఉచితం కాస్తా ఊడింది. దాంతో లినక్స్ మూలపురుషుడు లినస్ టోర్వాల్డ్స్ తనే ఒకటి రాస్తానని ఏప్రిల్ 3న కూర్చుని, 7న మొదటి కమిట్, అంటే మార్పు నమోదు, చేసేశాడు. ఆయనకది గురువారం మధ్యాహ్నం. మన గడియారంలో మాత్రం 8వ తేదీ తెల్లవారుజాము 3 గంటల 43 నిమిషాలు. పంచాంగం తీసి చూడండి, అమావాస్య! ఆ అమావాస్యకే సూర్యగ్రహణం కూడా. ఒక్క రోజు ఓపిక పడితే పార్థివ నామ సంవత్సర ఉగాది వచ్చేది. కొత్త ఖాతా పుస్తకానికి పసుపు రాసి ‘శ్రీ’ చుట్టందే పెన్ను కదపని వాళ్లం మనం. ఆయన మొదటి కమిట్ సందేశంలో దీన్ని నరకం నుంచి వచ్చిన సమాచార నిర్వాహకుడని పరిచయం చేశాడు. రీడ్‌మీ అనే పరిచయ పత్రంలో ‘స్టుపిడ్ కంటెంట్ ట్రాకర్’ అన్నాడు. ఆ బిరుదు మాన్యువల్లో ఇప్పటికీ అలాగే ఉంది. ఇన్ని అపశకునాలతో పుట్టినదాని మీద అదే జూన్‌లో కెర్నెల్ 2.6.12 ఎలా విడుదలైందో మన జ్యోతిష్కులే చెప్పాలి.

పాలన మరీ దారుణం. ఆ జులైలోనే టోర్వాల్డ్స్ పగ్గాలు జూనియో హమానో అనే ఆయనకు అప్పగించి తన దారిన తాను పోయాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ హమానోగారే మెయిన్‌టైనర్, అంటే ఏ మార్పు తీసుకోవాలో తేల్చే పెద్ద. బదిలీ లేదు, డిప్యుటేషన్ లేదు, షష్టిపూర్తి సంచిక లేదు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ కార్యదర్శి పదవి కోసం లిఫ్టు ఆపించి మరీ పోట్లాడుకునే మనకు ఇది అర్థమయ్యే వ్యవహారం కాదు.

అసలు వెర్షన్ కంట్రోల్, అంటే ఇలా మార్పుల లెక్క రాసుకోవడం, మనకేమైనా కొత్తా? 1972లో బెల్ ల్యాబ్స్‌లో ఎస్‌సీసీఎస్ అనే మొదటితరం సాధనం పుట్టిన దగ్గర్నుంచి ఇదేదో తామే కనిపెట్టామని తెల్లవాళ్లు అనుకుంటున్నారు. చిక్కడపల్లిలో పెళ్లికార్డు కొట్టించిన ఎవరినైనా అడగండి. మొదటి ప్రూఫ్ పేరు ‘ఫైనల్’. పెదనాన్న చూశాక ‘ఫైనల్ 2’. మగపెళ్లివారు చూశాక ‘ఫైనల్ న్యూ’. చిన్నత్త పేరు తన పేరుకన్నా పైన ఎందుకుందని పెద్దత్త అలిగాక ‘ఫైనల్ లాస్ట్’. చివరికి అచ్చయ్యేది ‘ఫైనల్ 2’, ఎందుకో ఎవరికీ తెలియదు. ఇద్దరు ఒకే లైనును చెరో రకంగా మారిస్తే గిట్ చేతులెత్తేసి, మీరే తేల్చుకోండి అంటుందట. దాన్ని వాళ్లు మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటారు, మనం పెళ్లి అంటాం. ఏ పేరు ఎవరి మాట మీద ఎక్కడికి జరిగిందన్న చరిత్రంతా ఆ డీటీపీ కుర్రాడి బుర్రలో ఉంటుంది. వాడు పని మానేస్తే చరిత్ర కూడా మానేస్తుంది. ఇందులో ఉన్న సౌకర్యం గిట్‌లో ఎక్కడిది?

చేరే పద్ధతికొద్దాం. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక్క రౌండు కొడితే లోకంలోని కోర్సులన్నీ గోడల మీద కనిపిస్తాయి. డెమో ఫ్రీ, ఫీజు రెండు వాయిదాల్లో, మెటీరియల్ కింద జిరాక్స్ షాపులో. చివర్లో సర్టిఫికెట్. విద్య అంటే అలా ఉండాలి. గిట్ ప్రాజెక్టులో దరఖాస్తు ఫారమే లేదు. కాలేజీ అటానమసా కాదా, బ్యాక్‌లాగులెన్ని, నాన్నగారేం చేస్తారు, ఇలాంటి కనీస మర్యాద ప్రశ్నలు కూడా వేయరు. ప్యాచ్‌లు (చేసిన మార్పులు) ఎలా పంపాలి, కోడ్ ఎలా రాయాలి, మొదటి మార్పు ఎలా చేయాలి అని మూడు పత్రాలు రాసి పెట్టి, చదువుకుని రమ్మంటారు. ఫీజు కట్టిన కోర్సుకే పుస్తకం తెరవని మనల్ని, పైసా తీసుకోకుండా చదవమంటే ఎవడు చదువుతాడు? ఆ మూడో పత్రంలో కొత్తవాళ్లతో చేయించే ఆదేశం పేరైనా కుదురుగా ఉందా? పుష్ అన్న మాటలో అక్షరాలు తారుమారు చేసి పీ, ఎస్, యూ, హెచ్ అని పెట్టారు. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదట. ఒక పొట్టి గుర్రం ‘అదీ... హలో’ అనడం అట దానర్థం. పాఠ్యపుస్తకంలో గుర్రం నసగడమేమిటండీ?

ఇక సంతకం. ప్రతి మార్పు కిందా ‘సైన్డ్-ఆఫ్-బై’ అని పేరూ మెయిలూ రాయాలి. ఈ కోడ్ నేనే రాశాను, లేదా దీన్నిచ్చే హక్కు నాకుంది అని దానర్థం. ఎస్‌సీఓ అనే కంపెనీ లినక్స్ కోడ్ మీద కోర్టుకెక్కాక, 2004లో కెర్నెల్ వాళ్లు తెచ్చిన పద్ధతిది. గిట్ వాళ్లూ అదే అందుకున్నారు. గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ ఉందా? లేదు. నోటరీ ముద్ర? లేదు. ఎవడి మాటకు వాడే సాక్షి. నాంపల్లి కోర్టు బయట స్టాంపులూ ఇంకు ప్యాడ్లూ పెట్టుకుని కూర్చున్న కుటుంబాల పొట్ట కొట్టే ఏర్పాటు కాదా ఇది?

ఇదంతా నేను గాల్లోంచి చెప్పడం లేదు. మా అక్క కొడుకు ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటూ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. కొత్తవాళ్లతో ఇలాంటి ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో గిట్ తరఫున చేరాలంటే ముందు ఒక మైక్రోప్రాజెక్టు చేసి చూపించాలన్నారట. వీడు తీసుకున్న పని ఏమిటంటే, గిట్‌ను పరీక్షించే స్క్రిప్టుల్లో ఒక ఫైలు ఉందో లేదో చూడటానికి పాతవాళ్లు ‘టెస్ట్ -ఎఫ్’ అని రాశారు. ఫైలు లేకపోతే అది మూగగా ఫెయిలవుతుంది. దాని బదులు ప్రాజెక్టువాళ్ల సొంత ఫంక్షన్ ‘టెస్ట్_పాత్_ఈజ్_ఫైల్’ పెడితే, ఫలానా ఫైలు కనపడలేదని చెప్పి మరీ ఫెయిలవుతుంది. అంటే ఫెయిలవడం ఖాయం, కారణం చెప్పి ఫెయిలవడం మర్యాద. మన యూనివర్సిటీల రీవాల్యుయేషన్ విభాగాలకు ఈ ఫంక్షన్ అర్జంటుగా కావాలి, అది వేరే కథ.

ఒక స్క్రిప్టు పూర్తిచేసి వాడు రెండోదాని మీద చెయ్యి వేయబోతే, ఒక్కటి చాలు, మిగతావి తర్వాత వచ్చేవాళ్లకు ఉంచమని ముందే రాసి పెట్టారట. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకునే ఊరికి వచ్చి చెప్పాల్సిన మాటేనా ఇది?

మొదటి ప్రయత్నం తిరుగుటపాలో వచ్చింది. ‘గౌరవనీయులైన సర్’ అని నీలం అక్షరాల్లో, కింద కాలేజీ లోగోతో పంపాడు. వాళ్లకు రంగులు పడవు. బోసి అక్షరాలతో, మార్పు మెయిల్లోనే కనపడేలా పంపాలి. అలాగే పంపితే ఈసారి జవాబొచ్చింది. వీడు సందేశంలో ‘టెస్ట్ ఫైల్ అప్‌డేటెడ్’ అని రాశాడు. ఏం మార్చావో మార్పు చూస్తేనే తెలుస్తోంది, ఎందుకు మార్చావో రాయి అన్నారు. పై లైను యాభై అక్షరాల లోపు ఉండాలి, ఆజ్ఞాపిస్తున్నట్టు ఉండాలి, కింద కారణం ఉండాలట. ఎందుకు మార్చావని అడగడం ఎంత మోటుతనమో గమనించండి. మన ఆఫీసుల్లో ఎవరూ ఎవరినీ అలా అడగరు. పైనుంచి చెప్పారు, మార్చాం. పైవాళ్లను అడిగితే, ఆ పైవాళ్లు చెప్పారు.

కారణం రాసి మళ్లీ పంపాడు. ఇంకో ఆయన పట్టుకున్నాడు. ‘ఫైలు కాకపోతే పాస్’ అని ఉన్నచోట వీడు ‘ఏదీ లేకపోతే పాస్’ అని మార్చాడట. ఆ పేరుతో ఒక డైరెక్టరీ (ఫోల్డరు) ఉంటే పాత పరీక్ష ఒప్పుకుంటుంది, నీది ఒప్పుకోదు, తెలిసే మార్చావా అని ప్రశ్న. ఫైలు కానిది ఉండటం అన్యోన్యాభావం, ఏదీ లేకపోవడం అత్యంతాభావం. మా తాతగారు అరుగు మీద కూర్చుని తర్కం చెప్పేటప్పుడు ఎవరూ వినలేదు. ఇప్పుడు అదే పాఠం ఎస్సార్ నగర్‌లో ముగ్గురు షేరింగ్ రూములో, ఇంగ్లీషులో, అర్ధరాత్రి.

చూస్తూ ఊరుకోలేక ఫోన్ చేశాను.

“ఒరేయ్, ఆ కంపెనీలో మనకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోనా?”

“కంపెనీ కాదు మామయ్యా.”

“మరి వాళ్లకు జీతాలెవరిస్తారు?”

“కొంతమందికి వాళ్లు పనిచేసే కంపెనీలే ఇస్తాయి. కొంతమందికి ఎవరూ ఇవ్వరు.”

“ఎవరూ ఇవ్వకుండా కూర్చుని నీ తప్పులు దిద్దుతున్నారా?”

“అవును మామయ్యా. పోయినసారి ఒకాయన రెండు పేజీలు రాశాడు.”

నాకు నిజంగానే జాలేసింది. “వాళ్లింట్లో ఏమైనా ఇబ్బందులున్నాయేమో మెల్లగా అడుగు” అన్నాను.

మూడోసారి పంపింది ‘సీన్’ (చూసినవి) అనే శాఖలో పడింది. కొత్త మార్పులు ముందు అందులో, తర్వాత ‘నెక్స్ట్’లో, అన్నీ కుదిరితే ‘మాస్టర్’లో. సీన్‌లో ఉందంటే చూశామనే తప్ప తీసుకుంటామని కాదని ముందే చెప్పేస్తారట. మన సచివాలయంలోనూ ఫైలు మీద ‘చూశాను’ అనే రాస్తారు గానీ, దానర్థం ఇదని బయటికి చెప్పేంత కఠినాత్ములు కారు.

వీటన్నిటినీ మించిన అపచారం ‘బ్లేమ్’. ఏ లైను ఎవరు రాశారో పేరూ తేదీతో సహా చూపించే ఆదేశమది. సబ్‌వర్షన్ అనే ఇంకో ప్రాజెక్టులో బ్లేమ్ బదులు ‘ప్రెయిజ్’ అని కొట్టినా అదే జాబితా వస్తుంది. అంటే తిట్టూ పొగడ్తా ఒకే పేరుకు పోతాయి! హైటెక్ సిటీలో ఇది అమలైతే ఒక్క మేనేజరైనా మిగులుతాడా? తిట్టు కిందికి, పొగడ్త పైకి పోయేలా పాతికేళ్లు కష్టపడి వేసుకున్న పైపులైను ఇది.

అంతా చెడ్డ అంటే పాపం వస్తుంది. ఒక్క సదుపాయం నాకు నచ్చింది. గిట్‌లో కమిట్ తేదీని మనమే కావలసినట్టు పెట్టుకోవచ్చు. గిట్‌తో చేసిన పని పెట్టుకునే గిట్‌హబ్ అనే సైటులో, పనిచేసిన రోజుకో పచ్చ గడి వెలుగుతుంది కదా, వెనక తేదీలు వేసుకుంటూ పోతే మూడేళ్ల పచ్చదనం ఒక్క సాయంత్రంలో మొలుస్తుంది. లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టించే మన కన్సల్టెన్సీల బాధ ఎంతో కొంత అర్థమైన మనసు ఆ ప్రాజెక్టులోనూ ఉందన్నమాట. గిట్, గిట్‌హబ్ వేర్వేరని మావాడు సణుగుతాడు. అమీర్‌పేటలో రెండూ ఒకే బ్యాచ్.

ప్రతిభ బయటపడే సందర్భం ఒకటొచ్చింది కూడా. హాక్టోబర్‌ఫెస్ట్ అని, అక్టోబరులో నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఒక యూట్యూబ్ పాఠం చూసి మన దేశపు కుర్రాళ్లు ఊరూ పేరూ తెలియని ప్రాజెక్టుల రీడ్‌మీల్లోకి వెళ్లి ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని చేర్చి పంపారు. ఎంత సంస్కారం! కోడ్ జోలికి వెళ్లలేదు, ఏదీ చెడగొట్టలేదు, పొగిడారు. దాన్ని పట్టుకుని స్పామ్ అన్నారు. ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేస్తేనే లెక్క అని ఆ నెల మొదటి వారంలోనే నిబంధన మార్చారు. 2023కు వచ్చేసరికి టీషర్టే ఎత్తేశారు. పొగిడితే కోపం వచ్చేవాళ్లతో ఎలా వేగాలి?

అందుకే కొన్ని సవరణలు ప్రతిపాదిస్తున్నాను. ప్రాజెక్టువారు మైత్రీవనంలో ఒక శాఖ తెరవాలి. అక్కడ పాతిక వేలకు రెడీమేడ్ ప్యాచ్, కారణంతో సహా ఇవ్వాలి. కారణం వద్దనుకుంటే పద్దెనిమిది వేలు. రివ్యూలో ‘ఎందుకు’ అన్న మాటను నిషేధించి, ‘పరిశీలించబడినది’ అన్న రబ్బరు స్టాంపు పెట్టాలి. పొట్టి గుర్రాన్ని సిలబస్ నుంచి తీసేయాలి. మెయిన్‌టైనర్ పదవిని రెండేళ్లకోసారి జిల్లాలవారీగా తిప్పాలి.

ఇంతలో మావాడి మార్పు మాస్టర్‌లోకి వెళ్లింది. మొత్తం మూడు లైన్లు. సర్టిఫికెట్ ఏదిరా అంటే, చరిత్రలో పేరుంటుంది మామయ్యా, ఎవరైనా చూసుకోవచ్చు అన్నాడు. చరిత్రను గోడకెలా వేలాడదీస్తాం? హాస్టల్ సందు మొదట్లో కట్టడానికి పన్నెండడుగుల ఫ్లెక్సీ ఆర్డరిచ్చాను. ఫ్లెక్సీ కొట్టే అతను మావాడి ఫోటో మధ్యలో పెట్టి, పైన గుండ్రటి ఖాళీ చూపించి, “లీడర్ ఫోటో ఎవరిది పెట్టాలె సార్?” అన్నాడు.

“జూనియో హమానో” అన్నాను.

అతను మౌస్ ఆపి నా వంక చూశాడు. “ఏ పార్టీ సార్?”