ఏమండీ, మిషను మిమ్మల్ని అడుగుతోంది

యాప్ లేకుండా బట్టలు ఉతుక్కోవచ్చని వాదించేవాళ్లను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

నేనూ ఒకప్పుడు ఆ మూర్ఖుల్లో ఒకణ్ణే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడలోని మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చి, పోతూ పోతూ పాత వాషింగ్ మిషన్‌ను పొట్టనపెట్టుకుంది. మీట తిప్పితే తిరిగేది. నువ్వెవరివని ఒక్కనాడూ అడగలేదు, అంత మర్యాద తెలియని వస్తువు.

గవర్నర్‌పేటలో కొన్న కొత్తది అలా కాదు. పేరు, ఫోన్ నంబరు, పుట్టినతేదీ అడిగింది. లొకేషన్ కూడా ఇమ్మంది. బాత్‌రూమ్ పక్కన కదలకుండా కూర్చునే మిషన్‌కు తానెక్కడున్నదీ తెలుసుకోవాలని ఉండటం సహజమే కదా.

వైఫై దగ్గర మాత్రం దానికి మడి ఎక్కువ. మా వైఫై 5 గిగాహెర్ట్జ్, 2.4 అని రెండు రకాల సిగ్నల్ ఇస్తుంది. ఇది 5 ముట్టదు, 2.4 అయితేనే. "రెండింటికీ ఒకే పేరుంది సార్, అది కన్ఫ్యూజ్ అవుతోంది. పేరు మార్చండి" అన్నాడు బిగించడానికొచ్చిన కుర్రాడు. మార్చాను. టీవీ, మూడు ఫోన్లు మళ్లీ పాస్‌వర్డ్ అడిగాయి. కొత్తల్లుడొస్తే ఇల్లంతా సర్దుకోదూ!

మామూలు ఉతుకుడు మీటలతోనే అవుతుంది. పసుపు మరకలకు కావాల్సిన వేడినీళ్ల ఉతుకు మాత్రం యాప్‌లో ఉంటుంది. యాప్ నా ఫోన్‌లో ఉంటుంది. మొన్నామధ్య శ్రావణ మంగళవారం మర్నాడు నేను గుంటూరు మిర్చి యార్డులో తుమ్ముతూ ఉన్నాను. మా ఆవిడ ఫోన్.

"ఏమండీ, నా ఫోన్‌లో కూడా యాప్ వేశాను. మిషను మిమ్మల్ని అడుగుతోంది. ఓటీపీ అట."

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోలీసులు మొత్తుకుంటున్నారు. నేను ఆరంకెలూ యార్డు దద్దరిల్లేలా అరిచాను. పక్కనున్న హమాలీ టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్కనుకుని తలూపాడు. "టైమైపోయిందట, మళ్లీ పంపిస్తుందట" అంది ఆవిడ. నాలుగోసారికి మిషన్ కరుణించింది. ఇదంతా చూసిన మా పనమ్మ, "ఆధార్ కార్డు కూడా అడుగుద్దా అమ్మా?" అందట. దాని దాకా ఇంకా రాలేదు.

ఈ వైభవం మనకొక్కళ్లకే దక్కలేదు. 2025 అక్టోబర్ 20న అమెరికాలో అమెజాన్ సర్వర్లు మొరాయిస్తే, వాటిని నమ్ముకుని యాప్‌తో నడిచే ఖరీదైన పరుపులు కొన్ని వేడెక్కిపోయాయి, కొన్ని ఎత్తిన తల దించకుండా బిగుసుకుపోయాయి. ఆ రోజు కూడా మా పక్కింటి మామ్మగారి నవారు మంచం యథాప్రకారం పనిచేసింది. లాగిన్ లేని బతుకు, దానికేం తెలుస్తుంది?

ఇంతకీ పుట్టినతేదీ ఎందుకా అనుకున్నాను. మొన్న నా పుట్టినరోజున తెల్లారేసరికి, హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికంటే ముందు శుభాకాంక్షలు పంపింది మిషనే. అప్పటికి అది అప్‌డేట్ కోసం తలుపు బిగించుకుని 38 శాతం దగ్గర ఆగి ఉంది. లోపల నా లుంగీ నానుతోంది.