198ఎ కింద వచ్చే లక్ష మీది కాదు

వానలు పడితే రోడ్డు మీద గుంతలూ, ఫోన్లో ఈ మెసేజూ ఒకేసారి తేలతాయి. "గుంతలో బైక్ పడిందా? సెక్షన్ 198ఎ ప్రకారం ప్రభుత్వం మీకు లక్ష రూపాయలు ఇచ్చి తీరాలి. అందరికీ షేర్ చేయండి." దాని కింద ఇంకో అయిదారు చిట్కాలు. పంపేది చదువురానివాళ్లా అంటే కాదు. బీటెక్‌లు, ఎంబీఏలు చేసినవాళ్లే. పంపేముందు ఆ సెక్షన్ ఒకసారి తెరిచి చదవడానికి రెండు నిమిషాలు పట్టదు.

198ఎ ఉన్న మాట నిజమే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి చనిపోయినా, వైకల్యం వచ్చినా, బాధ్యత ఉన్న సంస్థకో కాంట్రాక్టరుకో లక్ష వరకు జరిమానా వేయొచ్చు. "వరకు" అన్నది గమనించండి. ఇది పరిహారం కాదు, జరిమానా. ఆ డబ్బు వెళ్లేది 164బి కింద ఉండే మోటారు వాహన ప్రమాద నిధికి. మోకాలు గీరుకుపోయినవాళ్లకి ఆ సెక్షన్‌తో పనే లేదు. కాలు పోయినవాళ్లకి కూడా అందులోంచి నేరుగా రూపాయి చేతికి రాదు.

"టోల్ రసీదు చూపించి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి." బైక్‌కి టోల్ ఎక్కడ కట్టారు బాబూ? జాతీయ రహదారుల మీద సాధారణంగా టూవీలర్‌కి టోల్ ఉండదు. లేని రసీదు ఎలా చూపిస్తారు? కారువాళ్లకైతే ఆ దారి పనికొస్తుంది. ఇక రోడ్ టాక్స్ కట్టాం కదా అంటారా, అది పన్ను. సేవకి చెల్లించిన ధర కాదు.

"యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో కేసు వేస్తే మీ ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది." ఇంకో బండి ప్రమేయం లేకుండా మీ బండి మీద మీరే పడితే మీరు థర్డ్ పార్టీ (పాలసీదారు, కంపెనీ కాని బయటి మనిషి) కారు. అప్పుడు మీకు పనికొచ్చేది పాలసీలోని 15 లక్షల ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. అది కూడా బండి మీ పేరున ఉండి, చెల్లే లైసెన్స్ ఉంటేనే. మరణానికి, రెండు అవయవాలు పోయినా, శాశ్వత పూర్తి వైకల్యానికి పూర్తి మొత్తం. ఒక చెయ్యో కాలో కన్నో పోతే సగం. చెయ్యి విరిగి సిమెంటు కట్టు వేస్తే సున్నా. వెనక కూర్చున్నవాళ్లకి ఇది వర్తించదు. వాళ్లకి రక్షణ కావాలంటే ఉత్త థర్డ్ పార్టీ పాలసీ చాలదు, కాంప్రిహెన్సివ్ ఉండాలి. గుంత తప్పించబోతే వెనక లారీ గుద్దిందనుకోండి, అప్పుడు ట్రిబ్యునల్‌కి వెళ్లాల్సిందే. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి.

ఇప్పుడు అసలు విషం. "గుంత అని చెప్పకండి. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందని రాయించండి, 50 వేలు ఈజీగా వస్తాయి." హిట్ అండ్ రన్ పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఉన్న మాట వాస్తవమే. కానీ ఈ సలహా ఇచ్చిన మేధావి ఎప్పుడైనా క్యాజువాలిటీలో రాసే ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు రాసే మెడికో-లీగల్ కాగితం) చూశాడా? అందులో మొదట ఉండేది ఎలా పడ్డారన్న లైను. 108 సిబ్బందో, మోసుకొచ్చిన కుర్రాడో "బైక్ గుంతలో పడింది సార్" అని అప్పటికే చెప్పేసి ఉంటాడు. తర్వాత వాహనాల ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. ముందు రిమ్ సొట్టపోయి, ఫోర్క్ వంగి ఉంటుంది. వెనకా పక్కలా ఇంకో బండి తగిలిన గీత గానీ రంగు గానీ ఉండదు. సీసీ కెమెరాలు సరేసరి. అబద్ధం బయటపడితే 50 వేలు పోవడం ఒక్కటే కాదు, మీ మీదే కేసు పడొచ్చు. రేపు రోడ్డు శాఖ మీద నిజమైన దావా వేసినా, వాళ్ల లాయరు ఆ ఎఫ్‌ఐఆర్ కాగితం ఒక్కటి చూపించి కూర్చుంటాడు. గుంత వల్ల పడలేదని మీరే రాయించారుగా!

రాయించాల్సింది ఇది: ఏ రోడ్డు, ఏ కిలోమీటరు రాయి లేదా ఏ కరెంటు స్తంభం దగ్గర, గుంతలో ముందు చక్రం పడి బండి పడిపోయింది. ఆసుపత్రిలోనూ స్టేషన్‌లోనూ ఇదే మాట. ఫిర్యాదు మీరే రాసి ఇవ్వండి. స్టేషన్‌లో పోలీసులు రాస్తే "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి అదుపు తప్పి" అని వచ్చేస్తుంది, అప్పుడు నిందితులు మీరే. చదవకుండా సంతకం పెట్టొద్దు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. ఫొటోలు అదే రోజు తీయించండి, ఎందుకంటే ప్రమాదం జరిగిన గుంతలో కంకర పోసేయడంలో మనవాళ్ల వేగం అద్భుతం. గుంతకి అడ్డంగా కర్ర పెట్టి, దాని కింద నుంచి టేపుతో లోతు కొలిచిన ఫొటో ఒకటి. స్తంభమో షాపు బోర్డో కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి.

"బొంబాయి హైకోర్టు 6 లక్షలు ఇవ్వమంది." అంది. 2025 అక్టోబరులో, మహారాష్ట్రలోని గుంతలు, మ్యాన్‌హోళ్ల గురించి: మరణానికి 6 లక్షలు, గాయాలకు 50 వేల నుంచి రెండున్నర లక్షలు. మన హైకోర్టుల్లో దాన్ని ఉదాహరణగా చూపొచ్చు, అంతే.

ఆ మెసేజ్ చివర్లో, చెత్తంతా అయ్యాక, "లక్షన్నర వరకు క్యాష్‌లెస్ వైద్యం" అని ఒక లైనుంది. అది నిజం! 2025లో వచ్చిన కేంద్ర పథకం: ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో.

మరి పరిహారం రాదా అంటే, సివిల్ కోర్టు దారి ఉంది, నెమ్మదిగా. ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి: ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల సంస్థ), ఆర్ అండ్ బీ, మున్సిపాలిటీ, పంచాయతీరాజ్. 10 రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ వేసి మూడు అడగండి: కాంట్రాక్టు ఒప్పందం నకలు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాల్సిన కాలం) తేదీ, ఆ చోటు గురించి అంతకుముందు వచ్చిన ఫిర్యాదులు. మూడోది అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే తెలిసీ బాగుచేయలేదని చూపించేది అదే. ప్రభుత్వం మీద దావాకి ముందు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80 కింద నోటీసిచ్చి 2 నెలలు ఆగాలి. గాయాల దావా ఏడాదిలోపు వేసేస్తే గడువు మీద పేచీ ఉండదు. మరణమైతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రుల కోసం దావా వేయొచ్చు, దానికి గడువు 2 ఏళ్లు.