పిలకాయలకు కావాల్సింది ఏసీ గది, సర్టిఫికెట్టేనా?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ లేస్తుంది. హైస్కూల్లో ఒకేషనల్ సబ్జెక్టు చదివే పిల్లలను కొన్నాళ్లు షాపులకు, ల్యాబులకు, మెకానిక్ షెడ్లకు ఇంటర్న్‌షిప్‌కు పంపుతారు కదా, దాని మీద. అందులో ఉండేది ఇంతే: ఇప్పటి పిల్లలకు పని నేర్చుకోవాలని ఉండదు, ఏసీ గది, జీతం, సర్టిఫికెట్ ఉంటే చాలు. ఇది కొత్తగా తెచ్చిన పిచ్చి, విదేశాల్లో కూడా లేదు. షాపులవాళ్లకు ఊరికే కూలీలు దొరుకుతున్నారు, ఇది బాలకార్మిక చట్టానికి విరుద్ధం. బాగా చదివే పిల్లలకు దీంతో పనే లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెబుతాను. పిల్లలను ఇలా పంపే పని కూడా నా నెత్తినే పడింది. ఈ మెసేజ్‌ను మా చుట్టాలే నాకు పంపుతుంటారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి జవాబు రాస్తున్నాను.

కొత్త పిచ్చి అన్న మాట ముందు తేల్చేద్దాం. చదువు చేతిపనితో కలిసి సాగాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్ పేరుతో చెప్పారు. అంతకు చాలా ముందే, 1921 ఏప్రిల్ 7న, మన పెన్న ఒడ్డున పల్లిపాడులో ఆశ్రమం ప్రారంభించింది ఆయనే. అక్కడ రాట్నం తిరిగింది. 1964-66 కొఠారీ కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్నే ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అంది. ఆ పీరియడ్ మా చిన్నప్పుడు టైంటేబుల్లో ఉండేది, లెక్కల సారు లాక్కునేవారు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వరకు పది రోజులు సంచీ లేకుండా బడికి రావాలని, స్థానిక వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. ఎనభై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు. చేయకపోవడమే మనకు అలవాటైంది.

విదేశాల్లో లేదన్నది ఒట్టి అబద్ధం. జపాన్‌లోని హ్యోగోలో 1998 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు ఐదు రోజులు బడి మానేసి ఊళ్లోని పనిచోట్లకు వెళ్తున్నారు. జర్మనీలో తొమ్మిదో తరగతి పిల్లలు రెండు, మూడు వారాలు వెళ్లడం మామూలే. ఇంకోవైపు కూడా చెప్పాలి. ఇంగ్లండ్ 16 ఏళ్లలోపు పిల్లలకు దీన్ని తప్పనిసరి చేసి, 2012లో ఆ తప్పనిసరిని తీసేసింది.

ఇక అసలు విషయం. పిల్లలకు ఏసీ గది, జీతం, సర్టిఫికెట్ తప్ప ఏమీ అక్కర్లేదట. మెసేజ్ రాసినాయన ఏ పిలకాయనైనా అడిగాడో లేదో! పంపేముందు మా పిల్లలు నన్ను అడిగేవి వేరు. తప్పు చేస్తే అందరి ముందు తిడతారా సార్? కస్టమర్‌తో మమ్మల్ని మాట్లాడనిస్తారా? డైరీలో రోజూ ఏం రాయాలి? ఆడపిల్లలైతే ఇంకో రెండు అడుగుతారు. నన్ను అడగడానికి మొహమాటపడి మేడమ్ చేత అడిగిస్తారు. అక్కడ బాత్రూం ఉందా, ఆడవాళ్లు ఎవరైనా పనిచేస్తున్నారా అని. ఈ రెంటికీ జవాబు లేకపోతే ఇంట్లో పంపరు. పంపకపోవడమే కరెక్టు కూడా.

డబ్బు అడుగుతారు, నిజమే. ఎందుకో చూడండి. బడిలో ఉంటే మధ్యాహ్న భోజనం ఉంటుంది. షాపులో పెట్టేదెవరు? స్త్రీశక్తి పథకం వచ్చాక ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం. మగపిల్లవాడు ఇందుకూరుపేట నుంచి నెల్లూరు రోజూ వచ్చి పోవాలంటే ఛార్జీ ఇంట్లో అడగాలి. వాళ్ల నాన్న ఆ రోజు కూలికి పోయాడో లేదో మరి. పూట భోజనం, బస్సు ఛార్జీ అడిగిన పిల్లవాణ్ణి జీతం అడిగాడని రాయడం అన్యాయం.

వాళ్లు నిజంగా నిరాశపడేది ఎక్కడో చెబుతాను. మా దగ్గర రొయ్యల చెరువులు ఎక్కువ కాబట్టి నీళ్లు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. ఒకసారి ఇద్దరు పిల్లలను అలాంటి ల్యాబుకు పంపాం. పీహెచ్, అమ్మోనియా, ఉప్పదనం అన్నీ తామే చూస్తామనుకుని వెళ్లారు. అక్కడేమో వరసగా సీసాలు కడిగించారు. వచ్చి, మేము సీసాలు కడగడానికి పోలేదు సార్ అన్నారు. తప్పు పనిది కాదు. సీసాలో పాత నీళ్ల తడి మిగిలితే రీడింగ్ తప్పుతుందని, తప్పు రీడింగ్ చూసి రైతు చెరువులో సున్నం వేస్తే రొయ్యలకే ప్రమాదమని ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. నేను వెళ్లి ల్యాబులో పనిచేసే అబ్బాయితో మాట్లాడాక అతను రికార్డు పుస్తకం తీసి చూపించాడు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున ఎందుకు పడిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఎందుకు తిరుగుతాయి అని అడిగాడు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది. పాఠంలో బట్టీ పట్టిందే. అది కరెంటు బిల్లుగా, డీజిల్ ఖర్చుగా మారుతుందని వాళ్లకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత సీసాలు కడగమన్నా గొణగలేదు.

కాబట్టి పిల్లలకు పని ఇష్టం లేదనడం తప్పు. చెప్పకుండా చేయించే పని ఇష్టం ఉండదు. అది నాకూ ఉండదు, మెసేజ్ రాసినాయనకూ ఉండదు.

ఊరికే కూలీలు, బాలకార్మికులు అన్న మాటను మాత్రం కొట్టిపారేయను. పండగ సీజన్‌లో బట్టల షాపుకు పంపితే పిల్లవాడు పొద్దస్తమానం చీరలు మడుస్తాడు, అంతే. అలాంటి షాపు ఒకటి నాకు తెలుసు, మళ్లీ అక్కడికి పంపలేదు. కానీ అన్ని చోట్లా ఇదే అనుకోవద్దు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ నాతో అన్నది వేరు: ఈ పిలకాయలకు చూపిస్తా కూర్చుంటే నా బండ్లు యాడ తేలతాయి సార్? కొత్తవాడికి చెప్పడానికి పట్టే టైం అతనికి నష్టమే.

చట్టం సంగతి. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 లోపు వాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాలు, మంటలు అంటుకునే సరుకు ఉన్న చోట, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చెప్పకూడదు. మూడు గంటలకు మించి ఏకబిగిన చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఇవ్వాలి, అంతా కలిపి ఆరు గంటలు దాటకూడదు. బడి తరఫున నేర్చుకోవడానికి వెళ్లడం ఉద్యోగం కాదు, అయినా మేము ఈ గంటలనే హద్దుగా పెట్టుకున్నాం. అందుకే తెల్లవారుజామున చెరువు గట్టుకు పంపలేదు, రికార్డు పుస్తకంతో సరిపెట్టుకున్నాం. తొమ్మిదో తరగతిలో 14 నిండనివాళ్లు ఉంటారు, వాళ్లు చూసి రావడం వరకే. చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు, మార్కాపురం పలకల యూనిట్లకు పంపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక పోదు. మెసేజ్ రాసినాయన దీని గురించి ఒక్క ముక్క రాసి ఉంటే నేనే పది గ్రూపులకు పంపేవాణ్ణి.

బాగా చదివేవాళ్లకు అక్కర్లేదట. నాకు తెలిసి అందరికంటే ఎక్కువ అక్కర వాళ్లకే. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే బైపీసీ, ఆ పైన నీట్, ఇంకో ఆలోచన ఉండదు. పిల్లల చదువును దేశాల మధ్య పోల్చి చూసే 2018 పీసా సర్వేలో 41 దేశాల 15 ఏళ్ల పిల్లలను అడిగితే అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం మంది పదంటే పది ఉద్యోగాల పేర్లే చెప్పారని ఆ సర్వే నడిపే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2020లో ప్రకటించింది. మన దేశం ఆ లెక్కలో లేదు గానీ, మా క్లాసులో అడిగితే పది పేర్లు కూడా రావు. నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో ఒక్క పూట నిలబడితే డాక్టరు కాక రక్తం తీసేవాళ్లు, ఎక్స్‌రే తీసేవాళ్లు, మందులు లెక్క చూసేవాళ్లు, ఇన్సూరెన్స్ కాగితాలు నడిపేవాళ్లు ఎంతమంది బతుకుతున్నారో కనపడుతుంది. సూది చూస్తేనే కళ్లు తిరిగే పిల్లకు ఆ సంగతి రెండేళ్ల కోచింగ్, లక్షల ఫీజు అయ్యాక తెలియడం కంటే పదో తరగతి సెలవుల్లో తెలియడం నయం.

ఉద్యోగం రాదు కదా అని మెసేజ్ చివర్లో ఒక దెప్పు కూడా ఉంది. రాదు. పదహారేళ్లకు ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరూ చెప్పలేదు.

సర్టిఫికెట్ పిచ్చి సంగతి మిగిలింది. పిల్లలు దాన్ని అడుగుతారు, దాచడమెందుకు. ఇంట్లో చూపించడానికి ఏదో ఒకటి కావాలి. కానీ వాళ్లు తెచ్చే డైరీలు చూడండి. ఓనరు అభిప్రాయం అన్న గడిలో చాలావరకు రబ్బరు స్టాంపు, కింద సంతకం, పక్కన గుడ్. ఎవరో ఒకరు కష్టపడి, లెక్క బాగా రాస్తాడు, మాట్లాడేటప్పుడు తల వంచుకుంటాడు అని రాస్తే ఆ పేజీ క్లాసంతా తిరుగుతుంది. ఈసారి ఆ గడిని మూడు లైన్లకు పెంచి, స్టాంపు ఒక్కటే వేస్తే ఒప్పుకునేది లేదని కాగితం మీద అచ్చు వేయిద్దామని మా హెచ్ఎంను అడిగాను. భోజనం, మగపిల్లల బస్సు ఛార్జీ ఎవరు పెట్టాలో మాత్రం ఇంకా తేలలేదు.