టెంపరేచర్ అలారం వస్తే సెన్సారే పోయిందనే ఆ మెసేజ్ నమ్మి ఇంజిన్ పోగొట్టుకోకండి

ఈ ఎండలు మొదలైన దగ్గర్నుంచి ఆపరేటర్ల గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటది. "పొక్లెయిన్‌లో టెంపరేచర్ అలారం వస్తే కంగారు పడొద్దు, నూటికి తొంభై సార్లు సెన్సారే పోయి ఉంటది, కనెక్టర్ పీకండి, అలారం ఆగితే సెన్సార్ పోయినట్టే, కొత్తది వచ్చేదాకా 300 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి పని చేస్కోండి, థర్మోస్టాట్ కూడా తీసేస్తే ఇంకా కూల్‌గా నడుస్తది" అని. పదిహేనేళ్లుగా ఈ బళ్లే రిపేర్ చేస్తున్నా, అది చదివి ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తా.

"నూటికి తొంభై సెన్సారే." కాదన్నా. ముందు మానిటర్‌లో ఎర్రర్ కోడ్ చూడండి. ఎలక్ట్రానిక్ ఇంజిన్లలో చాలావాటికి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్ నీళ్లు) టెంపరేచర్ నంబర్ ఎస్‌పీఎన్ 110, అంటే తేడా ఎక్కడో చెప్పే నంబర్, దాని పక్కన ఎఫ్ఎమ్ఐ అని ఆ తేడా ఎలాంటిదో చెప్పే ఇంకో నంబర్ ఉంటది, అసలు సంగతంతా ఆ రెండోదాంట్లోనే ఉంది. 3 వస్తే వోల్టేజ్ ఎక్కువగా ఉందని, అంటే వైర్ తెగడమో కనెక్టర్ ఊడటమో. 4 వస్తే వోల్టేజ్ తక్కువని, వైర్ ఎక్కడో రాసుకుని బాడీకి తగుల్తా ఉండొచ్చు, లేదా సెన్సార్ లోపలే షార్ట్. ఈ రెండూ కరెంటు జబ్బులు. అదే 0 గానీ 16 గానీ వస్తే సెన్సార్ సరిగ్గానే చెప్తోంది, ఇంజిన్ నిజంగానే హీటెక్కింది అని ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, లెక్క. కొన్ని కంపెనీలకి సొంత కోడ్లు ఉంటాయి, వాటికి మాన్యువల్ చూస్కోవాల్సిందే.

"కనెక్టర్ పీకితే అలారం ఆగింది, కాబట్టి సెన్సార్ పోయింది." అందర్నీ ముంచుతున్న మాట ఇదే. బాగున్న సెన్సార్ పీకినా ఆ హీట్ అలారం ఆగుద్ది! ఎందుకంటే ఆ సెన్సార్‌లో ఉండేది వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే ముక్క. బాగా వాడకంలో ఉన్న ఒక రకం చెప్తా, 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్స్, 80 దగ్గర 320, 100 దగ్గరికి వచ్చేసరికి 186. పీకేస్తే సర్క్యూట్ తెగినట్టే కదా, ఈసీయూ లెక్కలో అది మైనస్ 40 డిగ్రీల చలి. ఇంక హీట్ అలారం ఎక్కడ్నుంచి వస్తది, దాని బదులు వైరింగ్ కోడ్ వస్తది. ఇంకో మోసం కూడా ఉంది ఇందులో, ఫ్యాన్‌ని ఈసీయూ నడిపే బళ్లలో చాలావాటికి సెన్సార్ కనపడకపోతే సేఫ్టీ కోసం ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌కి పోతది, దాంతో ఇంజిన్ నిజంగానే కొంచెం చల్లబడుద్ది, చూసేవాళ్లేమో సెన్సార్ పీకాక బాగైంది అనుకుంటారు.

సరిగ్గా చూడాలంటే పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయకుండా కీ ఆన్ పెట్టి కూలెంట్ ఎంత, హైడ్రాలిక్ ఆయిల్ ఎంత అని చూడండి, రాత్రంతా ఆగిన బండి కాబట్టి రెండూ ఇంచుమించు బయటి గాలి ఎంతుంటే అంతే ఉండాలి. కూలెంట్ ఒక్కటే 70 చూపిస్తే అప్పుడు సెన్సార్ లైన్‌ని అనుమానించండి. కనెక్టర్ పీకితే ఎఫ్ఎమ్ఐ 3 రావాలి, రెండు వైర్ల సెన్సార్ అయితే హార్నెస్ (బండి వైరింగ్) వైపు ఆ రెండు పిన్నులూ కలిపితే 4 రావాలి, రెండూ వచ్చాయంటే వైరింగ్ బాగున్నట్టే, ఇంక సెన్సార్ తీసి వేడినీళ్లలో పెట్టి మల్టీమీటర్‌తో మాన్యువల్ లెక్కకి సరిపోయిందా లేదా చూస్కోండి. బండి నడిచేటప్పుడైతే టెంపరేచర్ గన్‌తో థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) హౌసింగ్ మీద కొట్టి మానిటర్‌తో పోల్చండి, నాలుగైదు డిగ్రీల తేడా మామూలే, ఇరవై తేడా ఉంటే మాత్రం ఏదో ఉంది.

ఈ మెసేజ్‌లో అసలు లేని సంగతి ఒకటుంది. కనెక్టర్ పిన్నులకి పచ్చగా చిలుము పట్టిందనుకోండి, అక్కడ ఒక వంద ఓమ్స్ అదనంగా చేరింది అనుకోండి, 100 డిగ్రీల్లో 186 ఉండాల్సింది 286 అయ్యి మీటర్ 85 లోపే చూపిస్తది. అంటే చెడిపోయిన కనెక్టర్ చాలాసార్లు వేడిని దాస్తది, అలారం కూడా రాదు. కూలెంట్ తగ్గి సెన్సార్ మొన ఖాళీలో ఉండిపోయినా ఇదే తంతు, మీటర్ తక్కువ చెప్తది, హెడ్ కాలిపోతా ఉంటది.

"రెసిస్టర్ పెట్టి పని చేస్కోండి." చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఒక బండి ఇలాగే చేశారు. నేను వెళ్లేసరికి కనెక్టర్‌కి నల్ల టేపు చుట్టి ఉంది, లోపల చిన్న రెసిస్టర్. మీటర్ ముల్లు మధ్యలో కదలకుండా నిలబడి ఉంది, ఆపరేటర్ కుర్రాడు పాపం "సెట్ అయింది కదన్నా" అంటున్నాడు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులో ఉంది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయి నీళ్లు కలిసిపోయాయి. కారణం ఏంటా అని ఆయిల్ కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చ్ వేసి చూస్తే రాతిపొడి, కారిన ఆయిల్ కలిసి మందంగా దుప్పటిలా పట్టేసింది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్లలు పెళ్లలుగా ఊడొచ్చింది, అసలు గాలి పోయే దారే లేదు. ముందే కంప్రెసర్ గాలి కొట్టుకుని ఉంటే గంట పని. రెసిస్టర్ పెట్టాక ఇంజిన్‌ని కాపాడాల్సిన పవర్ కట్ (హీటెక్కితే ఇంజిన్ పవర్ తగ్గించే ఏర్పాటు), అలారం రెండూ గుడ్డివైపోతాయి, అది ఎవరూ చెప్పలేదు ఆ కుర్రాడికి.

థర్మోస్టాట్ తీసేయడం గురించి రెండు ముక్కలే, చాలా ఇంజిన్లలో వేడెక్కాక బైపాస్ దారి మూసేది కూడా అదే, తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా లోపలే తిరుగుద్ది, హీట్ ఇంకా పెరిగే ప్రమాదం ఉంది.

నిజంగా సెన్సార్ మార్చాల్సొచ్చినా మర పట్టింది కదా అని ఏదో ఒకటి బిగించకండి, రెసిస్టెన్స్ లెక్క వేరైతే మీటర్ జన్మలో నిజం చెప్పదు. ఒంటి వైర్ సెన్సార్‌కి ఎర్త్ బాడీ నుంచే వస్తది, దాని మర మీద లీకు ఆపే తెల్ల టేపు మందంగా చుడితే ఎర్త్ అందక కొత్త సెన్సార్ కూడా తప్పు చూపిస్తది.

చీమకుర్తి బండి హెడ్ పని అయ్యాక, ఆపరేటర్ టూల్ బాక్స్‌లో పడేసిన పాత సెన్సార్ తీసి వేడినీళ్లలో పెట్టి చూశా, లెక్క సరిగ్గా ఉంది. దాన్నే మళ్లీ బిగించాం. మర్నాడు పొద్దున కీ ఆన్ చేస్తే కూలెంట్ 29, హైడ్రాలిక్ ఆయిల్ 29.