మహారాజశ్రీ మిడ్‌సైజ్ క్రాసోవర్ వారికి విన్నపం

మహారాజశ్రీ మిడ్‌సైజ్ క్రాసోవర్ వారి సముఖమునకు,

కొత్త కారు కొనాలని నిశ్చయించుకుని, డిక్కీ విడిగా వెనక్కి సాగిన సొగసైన సెడాన్ ఒకవైపు, జీపులా ఎత్తుగా నిలబడే ఎస్‌యూవీల కోవకు చెందిన తమరు మరొకవైపు నిలబడగా ఎటూ తేల్చుకోలేక సతమతమవుతున్న ఒక సామాన్య కొనుగోలుదారు సవినయంగా వ్రాసుకొను విన్నపం. తమరిని అడగవలసిన ప్రశ్నలు నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ, షోరూమ్‌లో తమరి బానెట్ ఎదుట నిలబడినప్పుడు సంజాయిషీ ఇచ్చుకోవలసింది నేనేనేమో అనిపించి నోరు పెగలలేదు. అందువల్ల ఈ ఉత్తరాన్ని ఆశ్రయించాను.

ముందుగా తమరి వంశం సంగతి. ప్రకటనలలో తమరు ఎప్పుడూ మనిషి జాడలేని కొండ అంచునో, పొంగుతున్న వాగు మధ్యనో దర్శనమిస్తారు. ఉక్కు చట్రం మీద బాడీని విడిగా బిగించి తయారుచేసే అసలుసిసలు జీపుల వంశంలో తమరు పుట్టారన్న భ్రమ చూసేవారికి కలుగుతుంది. చరిత్ర మరో మాట చెబుతోంది. 1994లో టయోటా విడుదల చేసిన ఆర్‌ఏవీ4 కార్ల భాగాలతో, బాడీ, చట్రం ఒకటిగా కలిసిపోయిన మోనోకాక్ పద్ధతిలో తయారైంది. ఆ మరుసటి సంవత్సరం హోండా సీఆర్‌-వీ సివిక్ కారు ఆధారంగా వచ్చింది. దాని డిక్కీలోని నేల పలకను బయటికి తీసి కాళ్లు విప్పితే అది విహారయాత్రలో పనికొచ్చే బల్లగా మారేది. (అంత నిజాయితీ గల సాహసయాత్రా పరికరం ఆ తరువాత తమరి వంశంలో నాకు కనిపించలేదు.) 1997 నాటి టయోటా హారియర్, అంటే ఇతర దేశాలలో లెక్సస్ ఆర్‌ఎక్స్ పేరుతో చలామణీ అయిన వాహనం, కామ్రీ సెడాన్‌కు దగ్గరి చుట్టం. నిస్సాన్ మురానో, ఆల్టిమా సెడాన్ ఒకే ప్లాట్‌ఫామ్ మీద, అంటే ఒకే అడుగు నిర్మాణం మీద పెరిగాయి. కాబట్టి నేను ఎవరిని కాదని తమరిని ఇంటికి తెచ్చుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నానో, ఆ సెడాన్ తమరికి స్వయానా అన్నగారు. తమ్ముడు కొండలెక్కే బూట్లు తొడుక్కుని వచ్చినంత మాత్రాన ఇంటిపేరు మారదు కదా.

వేషధారణ గురించి ఎక్కువ చెప్పను. చక్రాల చుట్టూ నల్లటి ప్లాస్టిక్ అంచులు, బంపరు కింద వెండిరంగు పూసుకుని లోహంలా నటించే మరో ప్లాస్టిక్ పలక, జీవితాంతం ఏ బరువూ మోయకపోయినా ఠీవిగా నిలిచి ఉండే రూఫ్ రెయిల్స్, ఇవన్నీ లోకానికి తెలిసినవే. తమరిలో చాలామంది ముందు రెండు చక్రాలకే ఇంజిన్ శక్తిని అందిస్తారన్నదీ, నాలుగు చక్రాలకూ అందించే రకం కావాలంటే అదనంగా చెల్లించుకోవాలన్నదీ తెలిసిన సంగతే. ఆ నాలుగు చక్రాల శక్తి జారే నేల మీద బండిని కదిలించడానికి ఎంతో సాయపడుతుంది గానీ, బ్రేకు తొక్కినప్పుడు బండిని ఆపవలసింది టైర్లేనని మాత్రం తమరి ప్రకటనలు ఎందుకో చెప్పడం మరిచిపోతుంటాయి.

అమెరికా ఇంధన పొదుపు నిబంధనలను చదివినప్పుడు తమరి మీద గౌరవం రెట్టింపయింది. అక్కడ ఒక వాహనం నాలుగు చక్రాలకూ శక్తిని అందిస్తూ, బంపరు నేలకు తగలకుండా గట్టు ఎక్కగల ముందు కోణం, దిగగల వెనుక కోణం, నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎడం వంటి ఐదు కొలతలలో నాలుగింటిని నెగ్గితే చాలు, అది కారు జాతి నుంచి 'లైట్ ట్రక్' జాతికి మారిపోతుంది; ట్రక్కులకు మైలేజీ లక్ష్యాలు కార్లకన్నా సులువు. అంటే ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ముఖం ఉన్న తమరు రెండు చక్రాలకే శక్తి అందే రూపంలో కారుగానూ, నాలుగు చక్రాలకూ అందే రూపంలో ట్రక్కుగానూ ఏకకాలంలో చలామణీ కాగలరు. అవతారాలు ఎత్తడానికి ఇంత తక్కువ శ్రమ చాలునని నాకు ఇంతకుముందు తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ హంగులన్నీ పక్కనపెడితే, తమరు నిజంగా అమ్ముతున్నది ఒక్కటే: ఎత్తు. ఆ ఎత్తులో నిజమైన సుఖం ఉందని నేను కాదనలేను. సెడాన్‌లోకి దిగి, మళ్లీ పైకి లేవాలి. తమరి ఆసనం దాదాపు నడుము ఎత్తులో ఉంటుంది కనుక పక్కకు జరిగి కూర్చుంటే సరిపోతుంది. మోకాళ్లు నొప్పులున్న పెద్దలకూ, చంటిపిల్లను వెనుక సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగించే తల్లిదండ్రులకూ ఈ తేడా ముందు మిగతా వాదనలేవీ నిలబడవు. కానీ తమరు ఎత్తును సుఖంగా అమ్మరు, ఆధిక్యంగా అమ్ముతారు. పైనుంచి రోడ్డంతా కనబడుతుందంటారు. నిజమే, పక్కవాడు కింద ఉన్నంతకాలం కనబడుతుంది. 2023లో ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన కార్లలో దాదాపు సగం ఎస్‌యూవీలే. ఇప్పుడు తమరి ఆసనం మీద కూర్చున్నవారికి ముందు కనబడేది రోడ్డు కాదు, తమరి సోదరుని వెనుక అద్దం. అందరూ మునివేళ్ల మీద నిలబడి ఉత్సవం చూస్తే ఎవరికీ అదనంగా ఏమీ కనబడదు, కాళ్లనొప్పులు మాత్రం అందరికీ మిగులుతాయి. పైగా సెడాన్‌లో మిగిలిపోయిన మనిషికి ఉన్న దృశ్యం కూడా పోయి, వచ్చే ఏడాది అతనూ తమరి షోరూమ్ మెట్లెక్కుతాడు. తమరు సృష్టించిన ఇబ్బందికి తమరే మందు అమ్మడం గొప్ప వ్యాపారమని ఒప్పుకోక తప్పదు.

ఆ ఎత్తుకు మరికొన్ని లెక్కలు ఉన్నాయి. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి (బండి బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్యను బట్టి అమెరికా రహదారి భద్రతా విభాగం బోల్తాపడే అవకాశాన్ని అంచనా వేస్తుంది; సంఖ్య తగ్గేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ఆ సంఖ్య కార్లకు సాధారణంగా 1.3 నుంచి 1.5 వరకు, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3 వరకు ఉంటుంది. బండి అదుపు తప్పబోతే తనంతట తానే చక్రాలకు బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ వచ్చాక ఆ భయం బాగా తగ్గిన మాట నిజమే. బండిలో లేనివారి భయం మాత్రం తగ్గలేదు: అమెరికాలో బీమా కంపెనీల తరఫున రహదారి భద్రతను పరిశీలించే ఐఐహెచ్‌ఎస్ సంస్థ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు సుమారు ఒక మీటరు దాటిన వాహనాలు ఢీకొన్నప్పుడు పాదచారి మరణించే అవకాశం, వాలుగా, తక్కువ ఎత్తులో ఉన్న బానెట్ల కన్నా దాదాపు 45 శాతం ఎక్కువ. తమరి కుటుంబంలో ఆ మీటరు గీతకు ఎవరు ఎటువైపు ఉన్నారో కరపత్రంలో ఒక ముక్క రాస్తే సంతోషిస్తాను.

గాలి కూడా తమరి పట్ల పక్షపాతం చూపదు. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది; ఎత్తైన ముఖం దానికి తోడవుతుంది. హ్యుందాయ్ ఒకే ప్లాట్‌ఫామ్ మీద తమరి జాతికి చెందిన అయానిక్ 5నూ, సెడాన్ అయిన అయానిక్ 6నూ, రెండు విద్యుత్ కార్లను తయారుచేసింది. మొదటిదాని గాలి నిరోధ గుణకం (ఇది ఎంత తక్కువైతే బండి ఆకారం గాలిని అంత సులువుగా చీలుస్తుంది) 0.288, రెండోదానిది 0.21. అదే 77.4 కిలోవాట్-అవర్ల బ్యాటరీతో, వెనుక చక్రాలకే శక్తి అందే రకంలో, ఒక్క చార్జింగ్‌తో ఐరోపా పరీక్షలో మొదటిది 507 కిలోమీటర్లు, రెండోది 614 కిలోమీటర్లు పోగలవని కంపెనీ ప్రకటించింది. ఆ నూరు కిలోమీటర్ల పైచిలుకు తేడాలో చాలాభాగం గాలికి చెల్లించిన కప్పమే.

అలాగని సెడాన్ గారి పక్షాన వకాల్తా పుచ్చుకున్నానని తమరు అనుకోకండి. ఆయన అందం కోసం పైకప్పును ఎంత వంచుకున్నాడంటే, వెనుక కూర్చునేవారు అతనికి నమస్కరించకుండా లోపలికి వెళ్లలేరు. డిక్కీలో లెక్కకు లీటర్ల కొద్దీ చోటు ఉంటుంది గానీ, దాని నోరు ఇరుకు కావడం వల్ల ఒక పెద్ద అట్టపెట్టె వెలుపలే నిలిచిపోతుంది. ఈ లోపాలను తమరు సరిదిద్దుతారని ఆశపడితే, 2008లో బీఎండబ్ల్యూ ఎక్స్6 రూపంలో తమరు అదే వాలు పైకప్పును ఎత్తైన ఒంటి మీద తెచ్చి పెట్టుకున్నారు. అంటే సెడాన్ ఇరుకూ, తమరి బరువూ ఒకేచోట. అటునుంచి 2022లో టయోటా క్రౌన్ సెడాన్ ఆకారంతోనే పైకి లేచి నిలబడింది. ఒకరి లోపాన్ని మరొకరు అరువు తెచ్చుకుంటూ పోతుంటే నాబోటివాడు దేనిని ఎంచుకోవాలి? పోనీ ఎంచుకోవలసిన అవసరమే లేకుండా చేద్దామని కాబోలు, ఫోర్డ్ కంపెనీ 2018లోనే ఉత్తర అమెరికాలో సెడాన్లకు స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించింది.

అందుచేత నా మనవి ఇది. బిల్లు రాయించేటప్పుడు ఆసనపు ఎత్తును ఒక పద్దుగా, వెనుక తలుపు తెరిస్తే వచ్చే ఖాళీని ఒక పద్దుగా, కొండలను, వాగులను, వాటికి సంబంధించిన ప్లాస్టిక్‌ను మరో పద్దుగా విడదీసి చూపించండి. మా ఇంటి మోకాళ్లను సంప్రదించి మొదటి పద్దుకు సొమ్ము చెల్లిస్తాను. రెండోదానికి కాస్త బేరమాడతాను. మూడోదాన్ని తమరి ప్రకటనల విభాగానికే అట్టేపెట్టుకోండి. అలా విడదీయడం కుదరదంటే, అన్నగారి షోరూమ్ పక్కనే ఉంది, తల వంచడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఇంకా అడ్వాన్సు కట్టని
ఒక కొనుగోలుదారు