బయోడెంటిన్ మీద కాంపోజిట్: తొందర వద్దు

లోతైన పుచ్చులో బయోడెంటిన్ (కాల్షియం సిలికేట్ సిమెంటు) వేసి, పన్నెండు నిమిషాలాగి అదే సిట్టింగ్‌లో కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) పెట్టేయొచ్చని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వాక్యం మార్చండి. 12 నిమిషాలనేది పైపైన గట్టిపడే సమయం మాత్రమే. లోపల సిమెంటు పూర్తిగా బలపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాంపోజిట్ లైట్‌తో గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆ లాగుడికి పచ్చి సిమెంటు పొరగా ఊడొస్తుంది, బాండ్ (అంటించే జిగురు పొర) మాత్రం కాంపోజిట్‌కే అంటుకుని ఉంటుంది. పన్ను మీద పగులేమీ కనబడదు, అడుగున సందు మిగిలిపోతుంది.

నా అభిప్రాయంలో మేలైన పద్ధతి రెండు సిట్టింగులదే. క్యాప్సూల్ పొడిలో సరిగ్గా 5 చుక్కల ద్రవం, 30 సెకన్లు మిక్సింగ్. ఆరో చుక్క పడితే ముద్ద జావైపోతుంది, బలం తగ్గుతుంది. గుంత మొత్తం దానితోనే నింపి పంపండి. రెండు వారాల తర్వాత, ఆరు నెలలు దాటకుండా, పైభాగం బర్‌తో (డ్రిల్ మొనతో) తీసి అడుగున బేస్‌గా ఒక పొర వదలండి. బర్ కింద పొడి సుద్దలా తెల్లగా రాలాలి. మెత్తగా అంటుకుంటే ఇంకా ఆగాలి.

బాండ్ పట్టడానికి రాసే ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామిల్ (పంటి పైపొర) అంచులకే చాలు, సిమెంటు మీద సెల్ఫ్ ఎచ్ బాండ్ (విడిగా యాసిడ్ అక్కర్లేనిది) వాడండి. కాంపోజిట్ 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా పెట్టండి.

పేషెంటు మళ్లీ రాలేని పరిస్థితైతే, ఆ 12 నిమిషాలకు గట్టిపడ్డాక పైన పల్చగా రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్ (మరో రకం ఫిల్లింగ్ సిమెంటు) పొర వేసి లైట్ పెట్టి, ఆపైన కాంపోజిట్. గట్టిపడని సిమెంటు మీద నీళ్ల స్ప్రే మాత్రం కొట్టకండి.